ఆ గంటసేపు అది పార్లమెంటు కాదు

విదేశీ నాయకుడు ఎవరైనా ఢిల్లీ వచ్చి ఎంపీల ముందు మాట్లాడితే, హైదరాబాద్ న్యూస్ డెస్కుల్లో ఒక వాక్యం రెడీగా ఉంటుంది. ‘పార్లమెంటు ఉభయ సభల సంయుక్త సమావేశాన్ని ఉద్దేశించి ఆయన ప్రసంగించారు.’ స్క్రోలింగ్‌లో అదే, బులెటిన్‌లో అదే, మర్నాడు పేపర్లో హెడ్డింగ్ కింద అదే. చదవడానికి నిండుగా, హుందాగా ఉంటుంది. కానీ అక్కడ జరిగింది సంయుక్త సమావేశం కాదు. ఇంకా గట్టిగా చెప్పాలంటే, ఆ గంటసేపు అక్కడ పార్లమెంటే జరగలేదు.

ఇది మాటల దగ్గర పట్టుదల అనిపించవచ్చు. కానీ అతిథి ప్రసంగం చుట్టూ జరిగే రాజకీయమంతా ఈ తేడా మీదే నడుస్తుంది. ఎవర్ని పిలిచారు, ఎవర్ని పిలవలేదు, ఏ హాల్లో కూర్చోబెట్టారు, ఎవరైనా లేచి అరిస్తే ఏం చేయాలి, చివరికి రికార్డులో ఏం మిగులుతుంది అన్నవన్నీ దీనికే ముడిపడి ఉన్నాయి.

సంయుక్త సమావేశం అంటే ఏమిటో రాజ్యాంగం 108వ అధికరణ స్పష్టంగా చెప్పింది. ఒక సభ ఆమోదించిన బిల్లును రెండో సభ తిరస్కరించినా, సవరణల మీద ఇద్దరికీ కుదరకపోయినా, ఆరు నెలలు దాటినా తేల్చకుండా కూర్చున్నా, రాష్ట్రపతి రెండు సభల్నీ ఒకచోట కూర్చోబెట్టొచ్చు. ఇన్నేళ్లలో అలా జరిగింది మూడే మూడుసార్లు. 1961లో వరకట్న నిషేధ బిల్లు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లు, 2002లో ఉగ్రవాద నిరోధక బిల్లు పోటా. మూడుసార్లూ ఓటు జరిగింది, చట్టం వచ్చింది. ఇది కాక 87వ అధికరణ కింద రాష్ట్రపతి ప్రసంగం ఉంటుంది. ఏటా మొదటి సమావేశాల్లో రెండు సభల వాళ్లూ కలిసి కూర్చుని వింటారు. ఆ తర్వాత ఎవరి సభలో వాళ్లు ధన్యవాద తీర్మానం పెట్టుకుంటారు, రోజుల తరబడి చర్చిస్తారు, ప్రధాని జవాబిస్తారు, ఓటింగ్ పెడతారు.

విదేశీ అతిథి వచ్చినప్పుడు ఇవేవీ ఉండవు. సభలో మాట్లాడే హక్కు సభ్యులకు ఉంటుంది. 88వ అధికరణ ప్రకారం మంత్రులు, అటార్నీ జనరల్ ఏ సభలోనైనా మాట్లాడొచ్చు. వేరే దేశాధినేత కాదు కదా, మన దేశంలోనే ఎంత పెద్దమనిషైనా బయటివాడు సభ లోపలికి వచ్చి మాట్లాడే ఏర్పాటు రాజ్యాంగంలో లేదు. అందుకే అతిథి ప్రసంగాన్ని అసలు సభలోకి రానివ్వరు. ఎంపీలందర్నీ సెంట్రల్ హాల్‌కి పిలుస్తారు. రాజ్యసభ ఛైర్మన్, లోక్‌సభ స్పీకర్ ఇద్దరూ వేదిక మీద కూర్చుంటారు, స్వాగతం ఒకరు, ధన్యవాదాలు ఒకరు పంచుకుంటారు. అయిపోయాక ఎవరి దారిన వాళ్లు పోతారు. హైదరాబాద్‌లో ఫంక్షన్ హాల్ చూసిన వాళ్లకు ఇది కొత్త కాదు. పొద్దున పెళ్లి, రాత్రి రిసెప్షన్, మర్నాడు పార్టీ కార్యకర్తల సమావేశం. కుర్చీలు అవే, వేదిక అదే. అంతమాత్రాన పార్టీ మీటింగ్ పెళ్లి అయిపోదు.

అమెరికా వాళ్లు ఈ తేడాను పేరులోనే పెట్టుకున్నారు. వాళ్ల అధ్యక్షుడు కాంగ్రెస్‌కి వచ్చి మాట్లాడితే అది ‘జాయింట్ సెషన్’. విదేశీ నేత మాట్లాడితే ‘జాయింట్ మీటింగ్’. అప్పుడు రెండు సభలూ లాంఛనంగా విరామం ప్రకటించుకుని కలుస్తాయి. 1994 మే 18న మన పీవీ నరసింహారావు వాషింగ్టన్‌లో మాట్లాడింది ఈ రెండో రకం సమావేశంలోనే. తెలుగులో రెంటికీ కలిపి ఒకే మాట వాడుకుంటున్నాం కాబట్టి చదివేవాళ్లకు తేడా తెలియదు.

ఇక సెంట్రల్ హాల్ సంగతి. అది గుండ్రటి గది, పైన 98 అడుగుల వ్యాసం ఉన్న గుమ్మటం, గోడల నిండా నాయకుల చిత్రపటాలు. బ్రిటిష్ కాలంలో అక్కడ లైబ్రరీ ఉండేది. 1946లో రాజ్యాంగ సభ కోసం దాన్ని హాలుగా మార్చారు. ఆ తర్వాత మామూలు రోజుల్లో అది ఎంపీలు కాఫీ, టోస్టు తింటూ కబుర్లాడుకునే చోటయింది. పొద్దున సభలో ఒకర్నొకరు తిట్టుకున్న వాళ్లు మధ్యాహ్నం అక్కడ ఒకే సోఫాలో కనిపించేవాళ్లు. అంటే ఆ గది స్వభావమే సభ కాదు, సభ పక్కనున్న సావిడి. అతిథికి పీట వేయడానికి సావిడిని మించిన చోటు ఏముంది?

2000 మార్చి 22న బిల్ క్లింటన్ అక్కడే మాట్లాడారు. వేదిక మీద అమెరికా అధ్యక్షుడి పక్కన ఉపరాష్ట్రపతి కృష్ణకాంత్, స్పీకర్ జి.ఎం.సి.బాలయోగి. కృష్ణకాంత్ అంతకుముందు ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా హైదరాబాద్ రాజ్‌భవన్‌లో చాలా ఏళ్లు ఉన్నారు. బాలయోగి కోనసీమ మనిషి, అమలాపురం ఎంపీ, దళిత కుటుంబం నుంచి వచ్చి లోక్‌సభ స్పీకర్ అయిన తొలి నాయకుడు. ఆ రోజు ఆ దృశ్యం చూసి తెలుగువాళ్లు గర్వపడ్డారు, పడాల్సిందే. కానీ దేశమంతా గుర్తుపెట్టుకున్నది ప్రసంగం అయ్యాక జరిగిన సంగతి. క్లింటన్ దిగి నడుస్తుంటే చేయి కలపడానికి ఎంపీలు ఎగబడ్డారు. బెంచీల మీదుగా వంగి, ఒకరి భుజం మీంచి ఒకరు చేయి చాపి, సినిమా హీరో వచ్చినప్పుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో కనిపించే తోపులాటకు తీసిపోకుండా.

ఆ ఎగబాటుని పేపర్లు చాలా రోజులు ఆడిపోసుకున్నాయి. నిజానికి అంతకుముందు రాత్రే రాష్ట్రపతి భవన్ విందులో కె.ఆర్.నారాయణన్, ఉపఖండాన్ని ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన చోటుగా వర్ణించడం సరికాదని క్లింటన్ ఎదుటే మర్యాదగా చురక వేశారు. దేశం తరఫున అనాల్సిన మాట ఆయన భోజనాల దగ్గర అనేశారు. ఎంపీలకు ఆ అవకాశం లేదు. సెంట్రల్ హాల్లో వాళ్లు శ్రోతలు, అంతే. ప్రశ్న వేసే వీల్లేని చోట చప్పట్లు కొట్టడం, చేయి కలపడం తప్ప మిగిలిందేమిటి?

రెండు రోజుల తర్వాత, మార్చి 24న, క్లింటన్ హైదరాబాద్ వచ్చారు. మహావీర్ ఆసుపత్రికి వెళ్లారు, హైటెక్ సిటీలో మాట్లాడారు. ఢిల్లీలో పెద్ద మాటలు, ఇక్కడ కంప్యూటర్లు. మన ఊరి వాళ్లకు గుర్తున్నది ఈ రెండోదే.

జార్జ్ బుష్ కథ దీనికి తలకిందులు. 2006 మార్చిలో ఆయన పార్లమెంటు గడప తొక్కలేదు, హైదరాబాద్ మాత్రం వచ్చారు. అప్పుడు మన్మోహన్ ప్రభుత్వం వామపక్షాల మద్దతు మీద నిలబడి ఉంది. ఇరాక్ యుద్ధం చేసిన మనిషిని పార్లమెంటులో ఎలా కూర్చోబెడతారని వాళ్లు గట్టిగా అడ్డం తిరిగారు. లోపల ఎవరైనా లేచి నినాదాలు చేస్తే అతిథి ముందు పరువు పోతుంది. దాంతో ఆ టెన్షన్ అంతా ఎందుకని, మార్చి 3 సాయంత్రం ఢిల్లీలో పురానా ఖిల్లా శిథిలాల ముందు ప్రసంగం పెట్టారు. పిలిచిన వాళ్లే వచ్చారు, అరిచేవాళ్లు లేరు.

ఆ రోజు పగలంతా ఆయన హైదరాబాద్‌లోనే ఉన్నారు. రాజేంద్రనగర్‌లోని ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి వెంట ఉండగా రైతుల్ని, పొదుపు సంఘాల మహిళల్ని కలిశారు. గేదెను కూడా చూపించారు. గచ్చిబౌలిలో ఐఎస్‌బీకి వెళ్లారు. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ పెడతామని ఆ పర్యటనలోనే ప్రకటించారు. బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి ఇప్పుడు నానక్‌రామ్‌గూడకు మారిన ఆఫీసు అలా వచ్చిందే. అదే పూట పాతబస్తీలో నల్లజెండాలు, మూతపడ్డ దుకాణాలు. ఢిల్లీలో పార్లమెంటు లోపల వినిపిస్తుందేమో అని భయపడిన నిరసన, హైదరాబాద్ రోడ్ల మీద వినిపించింది.

అయితే బుష్ విషయంలో ఒక చిత్రం ఉంది. పార్లమెంటులో మాట్లాడని ఆ అతిథి వల్లే పార్లమెంటు నిజంగా పనిచేసింది. ఆయన రాకముందు, ఫిబ్రవరి 27న, అమెరికాతో పౌర అణు ఒప్పందం మీద మన్మోహన్ సింగ్ సభలో తనంతట తాను ప్రకటన చేశారు. మార్చి 2న ఒప్పందం కుదిరిందని ఇద్దరు నేతలూ ప్రకటించింది ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో, అంటే ఒకప్పటి నిజాం భవనంలో. మార్చి 7న ప్రధాని మళ్లీ లోక్‌సభకు వచ్చి, ఏ రియాక్టర్లు పౌర అవసరాలకు, ఏవి సైనిక అవసరాలకు అన్న విభజన గురించి వివరించారు. ఆగస్టు 17న రాజ్యసభలో విమర్శలకు అంశాలవారీగా జవాబు చెప్పారు. 2008 జులైలో ఆ ఒప్పందం మీదే వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నాయి. జులై 22న విశ్వాస పరీక్షలో ప్రభుత్వం 275–256తో గట్టెక్కింది. ఓట్ల కోసం లంచం ఇచ్చారన్న ఆరోపణతో సభలో నోట్ల కట్టలు కనిపించిన రోజు కూడా అదే. తెలుగుదేశం ఎంపీల్లో చీలిక వచ్చింది. పాతబస్తీలో బుష్‌కి నల్లజెండాలు చూపించిన హైదరాబాద్ నుంచే ఎన్నికైన అసదుద్దీన్ ఒవైసీ, ఆ రోజు ప్రభుత్వం వైపు మాట్లాడి ఓటేశారు. రాజకీయం సూటిగా నడవదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

క్లింటన్ ప్రసంగం తర్వాత పార్లమెంటులో ఏం మారిందో వెతకాలి. బుష్ ప్రసంగించకుండా వెళ్లాక ఒక ప్రభుత్వం పడబోయి నిలబడింది. అతిథి మైకు ముందు నిలబడ్డాడా లేదా అన్నదానికంటే, ఆయన పేరు మీద సభలో ప్రకటన, ప్రశ్న, ఓటు వచ్చాయా లేదా అన్నదే చూడాలి.

ఒబామా వచ్చిన 2010 నవంబర్ 8 ఇంకో రకం. సెంట్రల్ హాల్లోకి టెలిప్రాంప్టర్ రావడమే అప్పట్లో ఒక వార్త. సంస్కరించిన భద్రతామండలిలో భారత్‌కు శాశ్వత సభ్యత్వం ఉండాలని ఆయన అనగానే హాలు చప్పట్లతో మారుమోగింది. ఆ సంస్కరణ ఎప్పుడు, ఎలా అని లేచి అడిగే వీలు ఎవరికీ లేదు. అసలు ఆ రోజుకి సమావేశాలే మొదలు కాలేదు, శీతాకాల సమావేశాలు మర్నాడు నవంబర్ 9న మొదలయ్యాయి. మొదలై ఏమయ్యాయి? 2జీ స్పెక్ట్రమ్ కుంభకోణం మీద సంయుక్త పార్లమెంటరీ కమిటీ (జేపీసీ) వేయాల్సిందేనని ప్రతిపక్షం, వేసేది లేదని ప్రభుత్వం. డిసెంబర్ 13 దాకా దాదాపు మొత్తం కొట్టుకుపోయింది. భారత ప్రజాస్వామ్యాన్ని అతిథి పొగిడి వెళ్లిన మర్నాటి నుంచే సభ నడవలేదు. ప్రసంగం సభ కాదనడానికి ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

అతిథి మాట్లాడుతుండగా ఎవరైనా అడ్డు తగిలితే సంగతేమిటి? దీని మీద బాగా దెబ్బతిన్నది ఆస్ట్రేలియా. 2003 అక్టోబర్ 23న కాన్‌బెర్రాలో ఇదే బుష్ మాట్లాడుతుంటే గ్రీన్స్ పార్టీ సెనేటర్లు బాబ్ బ్రౌన్, కెర్రీ నెటిల్ లేచి, అమెరికా నడిపే గ్వాంటనామో జైల్లో ఉన్న ఆస్ట్రేలియన్ల గురించి అరిచారు. బుష్ నవ్వి, వాక్ స్వాతంత్ర్యం అంటే తనకు ఇష్టమన్నారు. స్పీకర్ బయటికి వెళ్లమన్నారు, వాళ్లు కదల్లేదు. తర్వాత 24 గంటలు సస్పెండ్ చేశారు. దాంతో మర్నాడు అదే చోట చైనా అధ్యక్షుడు హు జింటావో మాట్లాడినప్పుడు వాళ్లకు ప్రవేశం లేకుండా పోయింది. టిబెట్ గురించి అరుస్తారేమో అన్న బెంగ కూడా దాంతోనే తీరిపోయిందని విమర్శలు వచ్చాయి.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. దిగువ సభ స్పీకర్‌కి ఎగువ సభ సభ్యుడిని శిక్షించే అధికారం ఎక్కడిది? రెండు సభలూ కలిసి కూర్చుంటే అది ఏ సభ, ఎవరి రూల్స్? తృప్తికరమైన జవాబు దొరకలేదు. చివరికి వాళ్లు ఏర్పాటే మార్చేసుకున్నారు. ఇప్పుడు అతిథి మాట్లాడేది దిగువ సభ సమావేశంలో, సెనేటర్లు అక్కడికి ఆహ్వానితులుగా వస్తారు. ఇల్లు ఒకరిది, మిగతావాళ్లు చుట్టాలు. ఎవరు లేచి అరిచినా ఎవరి రూలో తెలుసు.

మన దగ్గర ఆ పరీక్ష అతిథుల విషయంలో రాలేదు. రాష్ట్రపతి ప్రసంగం విషయంలో మాత్రం వచ్చింది. 1963లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రసంగిస్తుండగా కొందరు సభ్యులు అడ్డు తగిలితే, లోక్‌సభ కమిటీ వేసి వాళ్లను మందలించింది. అది రాజ్యాంగం చెప్పిన సందర్భం కాబట్టి సభ చేయి అక్కడిదాకా చాపింది. సావిడిలో జరిగిన అమర్యాదకు ఎవరు శిక్ష వేయాలి? వేదిక మీద ఇద్దరు అధ్యక్షులు కూర్చుని ఉంటారు, అది ఇద్దరి సభా కాదు. లోక్‌సభ ప్రశ్నల నియమాల్లో స్నేహ దేశాల గురించి అమర్యాదగా ప్రస్తావించకూడదని ఉంది గానీ అది ప్రశ్నలకు పెట్టిన రూలు, సెంట్రల్ హాల్‌కి పెట్టింది కాదు. బుష్‌ని లోపలికి తీసుకెళ్లకపోవడానికి ఉన్న జంకులో ఇది కూడా ఒక పాలు అనుకోవచ్చు.

పిలిచే అధికారం ఎవరిదన్న దాని మీద బయట పెద్ద పోట్లాటలే జరిగాయి. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ హాల్‌కి ముగ్గురి అనుమతి కావాలి, అందులో కామన్స్ స్పీకర్ ఒకరు. 2017 ఫిబ్రవరిలో ఆనాటి స్పీకర్ జాన్ బెర్కో, ట్రంప్‌ని అక్కడ మాట్లాడించడానికి తాను వ్యతిరేకమని సభలోనే చెప్పేశారు. అది హక్కు కాదు, సంపాదించుకోవాల్సిన గౌరవం అన్నారు. వాషింగ్టన్‌లో 2015లో స్పీకర్ బేనర్, వైట్‌హౌస్‌తో ముందుగా సంప్రదించకుండా ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహును పిలిచారు. మార్చిలో ఆయన ప్రసంగానికి యాభై మందికి పైగా డెమొక్రాట్లు రాలేదు. ఇలాంటప్పుడు కుర్చీలు ఖాళీగా కనిపించకుండా అక్కడ సిబ్బందితో నింపడం మామూలే. మన దగ్గర స్పీకర్ ప్రభుత్వానికి ఎదురెళ్లి అతిథిని పిలవడం గానీ, వద్దనడం గానీ ఊహకు అందదు. ఆచరణలో అది విదేశాంగ శాఖ వేసే టూర్ ప్రోగ్రామ్‌లో ఒక గంట. ఇందులో మంచీ ఉంది, పార్లమెంటు పేరు విదేశీ నాయకుల తగాదాల్లోకి ఈడ్చుకుపోలేదు. నష్టమూ ఉంది, ఆ ఆహ్వానం నిజంగా పార్లమెంటుది అని చెప్పుకోవడానికి ఏమీ లేదు.

రికార్డు విషయంలో కెనడా అనుభవం చిన్నదేం కాదు. 2023 సెప్టెంబర్ 22న జెలెన్‌స్కీ ఒట్టావాలో మాట్లాడాక, గ్యాలరీలో కూర్చున్న 98 ఏళ్ల వృద్ధుడిని స్పీకర్ ఆంథొనీ రోటా ఉక్రెయిన్ వీరుడిగా పరిచయం చేశారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన రెండో ప్రపంచయుద్ధంలో నాజీల వాఫెన్ ఎస్ఎస్ దళంలో పనిచేశాడని తర్వాత తేలింది. ఆ పరిచయాన్ని సభా రికార్డు నుంచి, వీడియో నుంచి తీసేయాలని ప్రభుత్వం కోరింది. దానికి సభలో ఏకాభిప్రాయం కావాలి, ప్రతిపక్షం ఒప్పుకోలేదు. స్పీకర్ పదవి పోయింది, చప్పట్లు మాత్రం రికార్డులో ఉండిపోయాయి.

ఈమధ్య మన దేశంలో అతిథుల దారి మారింది. ఒబామా 2015 జనవరిలో రెండోసారి వచ్చినప్పుడు సిరిఫోర్ట్ ఆడిటోరియంలో మాట్లాడారు. ట్రంప్ 2020 ఫిబ్రవరి 24న అహ్మదాబాద్ మొతేరా స్టేడియంలో. అప్పుడు బడ్జెట్ సమావేశాలకు విరామం కూడా. పురానా ఖిల్లాలో మొదలైన ఏర్పాటు స్టేడియం దాకా పెరిగింది. అక్కడ జనం లక్ష దాకా ఉంటారు, ప్రతిపక్షం ఒక్క సీటు కూడా ఉండదు. సెంట్రల్ హాల్లో ప్రశ్న లేకపోయినా, కనీసం ఎదురుగా కూర్చున్న వాళ్లలో చాలామంది ప్రభుత్వం మనుషులు కారు. ఎవరు చప్పట్లు కొట్టారు, ఎవరు చేతులు కట్టుకుని కూర్చున్నారు అన్నది అతిథికి కనిపించేది.

పైగా ఇప్పుడు గది కూడా మారింది. 2023 మే 28న ప్రారంభించిన కొత్త పార్లమెంటు భవనంలో సెంట్రల్ హాల్ లేదు. కొత్త లోక్‌సభ చాంబర్‌లో 888 సీట్లు, ఉభయ సభలూ కలిసి కూర్చోవాల్సి వస్తే 1,272 మంది పడతారు. 2024 జనవరి 31న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రసంగం అక్కడే జరిగింది. హైదరాబాద్ అసెంబ్లీని చూసిన వాళ్లకు ఇది అలవాటైన దృశ్యమే, గవర్నర్ ప్రసంగం రోజు మండలి సభ్యులు వచ్చి అసెంబ్లీ హాల్లోనే సర్దుకుంటారు. పాత భవనం సంవిధాన్ సదన్ అయింది. అక్కడి సెంట్రల్ హాల్ ఇంకా వాడుకలోనే ఉంది, రాజ్యాంగ దినోత్సవాలు జరుగుతున్నాయి.

అంటే ఈసారి ఎవరైనా అతిథి వస్తే రెండు దారులున్నాయి. పాత సావిడికి తీసుకెళ్లొచ్చు. లేదా కొత్త భవనంలో లోక్‌సభ చాంబర్లోకే తీసుకెళ్లాలి. అప్పుడు ఆయన నిలబడేది స్పీకర్ కుర్చీ ఉన్న గదిలో, సభ్యులు తమ తమ సీట్లలో మైకులు, ఓటింగ్ బటన్లు ఎదురుగా పెట్టుకుని కూర్చున్న చోట. ఆ మైకులు ఆపేసి ఉంచుతారు, బటన్లు పనిచేయవు. హైదరాబాద్ డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్ ఆ రాత్రి స్క్రోలింగ్‌లో ‘లోక్‌సభలో ప్రసంగించారు’ అని రాస్తే, తప్పని చెప్పడం ఈసారి ఇంకా కష్టం.